ఒంటిచేతి చాకు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ననొద్దు. నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. వానలో గొడుగు తిరగబడితే, ఇంటికొచ్చి చెప్పేసరికి ఆ గొడుగు పట్టుకుని నేను జి. కొండూరు దాకా ఎగిరిపోయి, అక్కడ టీ తాగి, గాలి వాటం చూసుకుని తిరిగొచ్చినట్టుగా తయారవుతుంది. మా ఆవిడ నా మాటల్ని నాలుగుతో భాగించి వింటుంది. పాలవాడైతే పదితో. మీరు కూడా మీకు తోచిన అంకెతో భాగించుకోండి. ఇందులో పెంచినవి బోలెడు. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే. అదేదో చివర్లో నేనే చెప్పేస్తాను, మీరు వెతుక్కుని శ్రమపడొద్దు.

మొన్న హనుమాన్ జంక్షన్‌లో గడ్డం గీయించుకుంటున్నాను. సెలూన్ కుర్రాడు కత్తి నా కంఠం మీద పెట్టి, కళ్ళు మాత్రం అద్దానికి ఆనించిన ఫోను మీద పెట్టాడు.

"సార్, ఇది చూడండి సార్. ఒంటి చేత్తో మడత చాకు తియ్యడానికి ఐదు పద్ధతులంట."

"ముందు నువ్వు ఈ కత్తి సంగతి చూడు నాయనా."

ఫోనులో ఎవడో ఎర్రగడ్డం దొర. చేతికి నల్ల గ్లౌజు. బొటనవేలితో ఒకసారి, మణికట్టు విదిలించి ఒకసారి, ఫ్యాంటు జేబు అంచుకి తగిలించి ఒకసారి, టక్ టక్ మని చాకు తీస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే కంఠం తెగేలా ఉందని ఆపుకున్నాను. ఆపుకున్న నవ్వు ఎటు పోయిందో గాని, కళ్ళల్లోంచి నీళ్ళొచ్చాయి.

"మంటగా ఉందా సార్?"

"లేదయ్యా. ఆ మూడోది తప్పు చూపిస్తున్నాడు."

మూడోది మా బావగారి పద్ధతి. అసలు ఆ ఐదూ ఆయనవే. నూజివీడు పక్కన మామిడితోటలో పుట్టిన విద్య ఆ ఎర్రగడ్డం దాకా ఎలా పాకిందో నాకు తెలియదు. బావగారంటే మా పెద్దక్క భర్త. ఈ ఏడు తోట పూత మీద ఉండగా పోయారు.

ఆయన చాకు గొప్ప వస్తువేం కాదు. ఇత్తడి పిడి, అందులోకి మడుచుకునే ఇనుప అలుగు, అలుగు మీద గోరు పట్టడానికి చిన్న గాడి. సానబట్టీ సానబట్టీ ఆ అలుగు ఎంత సన్నబడిపోయిందంటే, పక్కనుంచి చూస్తే కనబడేది కాదు, ఉందని నమ్మాల్సిందే. మామిడి సొన పట్టి పిడి నల్లబడింది. ఆయన ఏ గదిలో ఉన్నారో ఆ సొన వాసనను బట్టి చెప్పొచ్చు. నేనైతే బస్సు దిగి చెప్పేవాణ్ణి.

గోటి గాడి ఉన్న చాకు రెండు చేతులతో తియ్యాల్సిందే. దేవుడు దాన్ని అలాగే పుట్టించాడు. ఆయన మాత్రం ఏనాడూ రెండో చెయ్యి ముట్టించలేదు.

"రెండు చేతులున్నాయి కదా బావగారూ, ఒక చేత్తోనే ఎందుకండీ ఈ అవస్థ?" అని ఒకసారి అడిగాను.

"రెండో చేతిలో కాయ ఉంటుంది కదరా."

"కాయ కాసేపు కింద పెట్టొచ్చుగా?"

ఆయన నా వంక చూసిన చూపుకి పక్క చెట్టు మీద ఉన్న కలెక్టరు రకం మామిడికాయలన్నీ ముదిరిపోయాయి. "కాయ కింద పెట్టి కత్తి తీసేవాణ్ణి రైతనరురా. పుట్టినరోజు కేకు కోసేవాడంటారు," అన్నారు.

మామిడి తెలియని వాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. గాలికి రాలి నేల తాకిన కాయని మా వైపు రాలుకాయ అంటారు. పైకి నవనవలాడుతూనే ఉంటుంది. లోపల దెబ్బ తగిలిన చోట నల్లబడుతుంది. దాన్ని పండెయ్యరు, మంచి కాయల గంపలో కలపరు. కలిపితే పక్కవాటిని కూడా పాడు చేస్తుంది. పచ్చడికో పప్పులోకో పోవాల్సిందే. అందుకని సీజన్లో తోట నుంచి తెంపే మొదటి కాయను మా బావగారు నేల తాకనిచ్చేవారు కాదు. ఎడమ చేత్తో తెంపాలి, ఆ చేతిలోనే ఉంచి కొయ్యాలి, టెంక కట్టిందో లేదో అలుగుతో నొక్కి చూడాలి, మొదటి ముక్క మా అక్కకి ఇవ్వాలి. ఆ మొదటి కాయ నేల తాకితే ఆ ఏడు తోటంతా నేల తాకుతుందని నమ్మకం. ఊళ్ళో మిగతా వాళ్ళూ అంతో ఇంతో పాటిస్తారు. ఈయన పాటించడం వేరు. ఒకసారి కాయ తెంపిన చేతికి గండుచీమలు పట్టాయి. చెయ్యి ఉబ్బి గుమ్మడికాయంత అయినా, అందులోంచి మామిడికాయ కింద పడలేదు. గుమ్మడికాయంత అన్నది భాగించుకోండి. పడలేదన్నది వద్దు.

ఆయన పెళ్ళిచూపుల కథ మా అమ్మ చెప్పింది. అమ్మకి కూడా నా జబ్బే ఉండేది గనక దీన్ని రెండుసార్లు భాగించుకోవాలి. వేసవిలో వచ్చారట. పళ్ళెంలో మామిడి ముక్కలు పెట్టి అక్క చేత పంపించారు. పెళ్ళికొడుకు పళ్ళెం వంక చూసి, "కోసిన ముక్కలు నేను తిననండీ. కాయ ఉంటే ఇప్పించండి," అన్నారట. మా నాన్న మొహం మాడింది. కాయ వచ్చింది. ఎడమ చేతిలో కాయ. కుడి చెయ్యి లాల్చీ జేబులోకి పోయింది. టక్. గదిలో ఉన్న మగాళ్ళందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. మా చిన్నాన్న కిటికీలోంచి దూకేశాడని అమ్మ అంటుంది. ఆ గదికి కిటికీ లేదు.

నాన్న లోపలికొచ్చి, "రౌడీలా ఉన్నాడే, వద్దు," అన్నాడట.

"వచ్చిన కాణ్ణుంచీ చూస్తన్నా," అంది మా నాయనమ్మ. "చేతిలోకి తీసుకున్న కాయ కింద పెట్టలా. పిల్లనీ పెట్టడు. ఇచ్చెయ్యి."

ఇచ్చేశారు. అక్క ఆ చాకుకి సవతి అని పేరు పెట్టింది. "సవతి జేబులోకి చేరిందా, బయల్దేరుతున్నారా?" అనేది పొద్దున్నే. ఆవిడ కోపానికి కారణం ఉంది. బావగారికి ఏ పద్ధతీ ఊరికే రాలేదు, ప్రతిదానికీ ఇంట్లో ఏదో ఒకటి బలయింది. అలుగు వీపుని తొడకి రాసి తీసే పద్ధతికి పంచెలు పోయాయి. ప్రతి పంచెకీ కుడి తొడ దగ్గర చీలిక. అక్క కుడుతుంది, ఆయన చీలుస్తారు. చివరికి ఆ చోట గుడ్డ కన్నా దారం ఎక్కువైపోయి, ఒకసారి చాకిరేవుకి వేస్తే పంచె పోయి దారం తిరిగొచ్చింది. చెట్టెక్కినప్పుడు ఎడమ చెయ్యి కొమ్మది గనక, అలుగు పళ్ళతో పట్టుకుని పిడిని లాగేవారు. దానికి ముందు పన్ను పోయింది. పన్ను విరిగిన రోజు అక్క మాట్లాడలేదు. ఆయన ఆ సందులోంచి ఈల వెయ్యడం నేర్చుకునేదాకా మాట్లాడలేదు. ఈల విని నవ్వేసింది.

జేబు అంచుకి తగిలించి తియ్యడంలో ఒక సుఖం ఉంది, చాకు జేబులోంచి వస్తూనే తెరుచుకుని వస్తుంది. ఒక కష్టం కూడా ఉంది, అది ఎక్కడైనా అలాగే వస్తుంది. ఒకసారి ఏదో ఆఫీసుకి కాగితాల కట్ట పట్టుకుని వెళ్ళారు. "ఆ తాడు విప్పండి," అన్నాడు లోపలి గుమాస్తా. ఈయన చెయ్యి జేబులోకి పోయింది. టక్. గుమాస్తా కుర్చీతో సహా గోడలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు పని చకచకా ఎందుకైపోయిందో మా బావగారికి చివరిదాకా తెలియదు. "మర్యాదస్తుడురా, పాపం, నిలబడే సంతకం పెట్టాడు," అనేవారు.

బేరగాళ్ళు తోటకి వచ్చినప్పుడు మాత్రం ఇవేవీ కాదు. అప్పుడు అసలు విద్య. అలుగు వీపుని రెండు వేళ్ళ మధ్య పట్టి, చేతిని ఒక్క దులుపు దులిపితే పిడి తన బరువుకే కిందికి జారి తెరుచుకుంటుంది. కన్ను మూసి తెరిచేలోగా చాకు ఆయన పిడికిట్లో, కాయ రెండు చెక్కలు, టెంక మధ్యలో. ఎంత తిరకాసు బేరగాడైనా ఆ చప్పుడు విన్నాక గొంతు తగ్గించేవాడు. చింతలపూడి నుంచి వచ్చిన ఒకాయన అయితే ఆ చప్పుడు మళ్ళీ వినడానికి మా కాయలు బాలేవని ఊరికే గొడవపెట్టుకునేవాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడి నుంచి నాకు పెంచడం కష్టం.

కిందటేడాదికి ముందు ఏడు, కోతలు అయిపోవచ్చే రోజుల్లో, అక్క కేరేజీ పట్టుకుని తోటకి వెళ్ళింది. బావగారు చెట్టుకింద నిలబడి ఉన్నారు. కుడి చేతిలో చాకు తెరిచి ఉంది. ఎడమ చేతిలో కాయ లేదు. కాయ నేల మీద దొర్లుతోంది. ఆయన ఆ కాయ వంకా, ఖాళీ చేతి వంకా మార్చి మార్చి చూస్తున్నారు.

"కాయ కింద పడిందే," అన్నారు అక్కని చూసి. మాట ముద్దగా వచ్చింది. తర్వాత ఆయన కూడా కాయ వెనకాలే పడ్డారు.

ఎడమ పక్కంతా పడిపోయింది. ప్రాణం దక్కింది, మాట చాలావరకు తిరిగొచ్చింది. ఎడమ చెయ్యి రాలేదు.

"అదృష్టం, కుడి చెయ్యి బాగుంది," అన్నారు చూడ్డానికి వచ్చిన వాళ్ళందరూ. నేనూ అన్నాను. ఒక చేత్తో అన్నీ చెయ్యడం ఆయనకి కొత్తా ఏంటి, అని జోకు కూడా వేశాను. ఆయన నవ్వారు, నా కోసం.

మంచం వసారాలో వేశారు. అక్కడ నుంచి తోట కనబడుతుంది. ఆ మంచం మీద కూర్చుని ఆయన కుడి చేత్తో చాకు తీసేవారు, తొడకి నొక్కి మూసేవారు, మళ్ళీ తీసేవారు. కొయ్యడానికి ఏమీ లేదు. టక్. కాసేపాగి, టక్. ఇల్లంతా అదే చప్పుడు. గోడగడియారం సిగ్గుపడి ఆగిపోయింది. నిజానికి దాని బ్యాటరీ అయిపోయింది, మార్చాలన్న ధ్యాస ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

మళ్ళీ కాయ ముదిరే రోజులొచ్చాయి. ఒకరోజు అక్క ఫోను చేసి, "తమ్ముడూ, ఒకసారి రా. పనుంది," అంది. పనేంటో చెప్పలేదు. వెళ్ళాను. వంటింట్లోకి లాక్కెళ్ళి, అటక మీద నుంచి చింతపండు జాడీ దింపి, మోచేతి దాకా చెయ్యి పెట్టి చాకు బయటికి తీసింది. నా చేతిలో పెట్టింది. ఉప్పూ చింతపండూ పట్టి అది జిగురుగా ఉంది.

"మీ ఇంటికి తీసుకుపోరా."

"సవతిని పులుసు పెట్టావేంటక్కా?"

అక్క నవ్వలేదు. "నీ జోకులు ఇంటికి పోయి రాసుకో," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "చప్పుడు వస్తుంటే భయంరా. ఆగిపోతే ఇంకా భయం. పొయ్యి మీద కూర వదిలేసి పరిగెత్తుకొచ్చేదాన్ని. వస్తే అలుగు వంక చూస్తూ కూర్చునేవారు. కిందటి నెల ఒకరోజు ఏమన్నారో తెలుసా? 'రాలుకాయని ఎన్నాళ్ళని గంపలో పెట్టుకుంటావే? పక్క కాయలు కూడా పాడవుతాయి,' అన్నారు. అనేసి, టక్‌మని తీశారు. ఆ రాత్రి ఆయన నిద్రపోయాక జేబులోంచి తీసి దీంట్లో పడేశా. చింతపండు జాడీలో ఆయన చచ్చినా చెయ్యి పెట్టరు కదా అని..."

ఆ మాట నోట్లోంచి వచ్చేశాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చిన్నదాన్ని ఏనుగంత చెయ్యడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఏనుగంతదే ఎదురొచ్చి నిలబడేసరికి ఇక పెంచడానికి చోటు లేకపోయింది. చాకు తుడిచి ఫ్యాంటు జేబులో వేసుకుని, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టుకుని, వసారాలో ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

ఆయన చాలాసేపు తోట వంక చూశారు. తర్వాత నా వంక.

"కుడి జేబు బరువుగా ఉందేంట్రా?"

"ఫోనండీ."

"ఫోను చొక్కా జేబులో ఉంది కదా."

"ఇది రెండోదండీ."

"రెండో ఫోను కూడానా? మీ ఆవిడకి తెలుసా?"

నేను చొక్కా అంచు జేబు మీదికి లాక్కున్నాను.

"నీ రెండో ఫోను సొన వాసన కొడుతోందిరా," అన్నారు. "పైగా చింతపండు. జాడీలో పెట్టిందా?"

నేను స్టూలు జానెడు వెనక్కి జరుపుకున్నాను.

"భయపడుతోంది," అన్నారాయన.

"భయపడదా మరి, మీరలాంటి మాటలంటే?"

"భయపడనీ. దాని తప్పు లేదు. నాకూ వేసిందిరా భయం. ఒకటి రెండుసార్లు."

వసారాలో ఎండ మా కాళ్ళ దాకా వచ్చింది. నేను కాళ్ళు వెనక్కి తీసుకున్నాను. ఆయన కుడి కాలు తీసుకున్నారు. ఎడమ కాలు ఎండలోనే ఉండిపోయింది. నేను వంగి దాన్ని నీడలోకి జరిపాను.

"మరిప్పుడు?" అన్నాను, తలెత్తకుండానే.

"ఇప్పుడు కాయ కొయ్యాలి. టెంక కట్టే రోజులు కాదూ? రేపో మాపో బేరగాళ్ళొస్తారు. కాయ కొయ్యకుండా తోట ఎట్టా చూపిస్తాం?" కుడి చేత్తో నా జేబు వైపు చూపించారు. "కోసేదాకా ఇవ్వు. కోశాక నువ్వే పట్టుకుపో. మళ్ళీ అడగను."

"సరే. రేపు పొద్దున్న వెళ్దాం."

"వెళ్దాం సరే, కాయ ఎవరు పట్టుకుంటార్రా?" ఆయన కుడి చేత్తో ఎడమ చేతిని ఎత్తి, ఒళ్ళో పెట్టుకుని, దాని వంక చూశారు. "ఒక చేత్తో కత్తి తియ్యడానికి పంచెలు చింపుకున్నా, పన్ను పోగొట్టుకున్నా. ఎందుకు? రెండోది ఎప్పుడూ ఉంటుందనే కదా."

"నేను పట్టుకుంటానండీ."

"నువ్వా? నీ చేతిలో మామిడికాయ పెడితే పనసకాయ అని రాస్తావు."

"మరెవరు?"

ఆయన వంటింటి వైపు చూశారు. చూసి వెంటనే మొహం తోట వైపు తిప్పేసుకున్నారు. "దాన్నడుగు," అన్నారు. పెళ్ళిచూపుల్లో అంతమంది మగాళ్ళని లేపి నిలబెట్టిన మనిషి, పక్కగదిలో ఉన్న పెళ్ళాన్ని ఒక్క మాట అడగడానికి నన్ను పంపించారు.

అక్క విని, కడుగుతున్న గిన్నె కడుగుతూనే ఉండిపోయింది. ఆ గిన్నె ఇంకొంచెంసేపైతే కరిగిపోయేది.

"నా చేతిలో కాయ. ఆయన చేతిలో కత్తి. అంతేనా?"

"అంతే."

"తెగితే?"

"ఎవరి చెయ్యక్కా?"

"ఎవరిదైనా," అంది అక్క.

తెల్లారాక ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోటలోకి తోశాను. దున్నిన నేలలో చక్రాలు దిగబడి, ఆ కొంచెం దూరానికి నేను హనుమాన్ జంక్షన్ దాకా లారీని తోసినంత పని చేశాను. మోటారు షెడ్డు పక్కనున్న బంగినపల్లి చెట్టు దగ్గర ఆపమన్నారు. కొమ్మలు కిందికే ఉన్నాయి. "అది కాదు. దాని పక్కది. ఆ, తొడిమ దగ్గర బుజాలు లేచింది చూడు, అది," అని ఆయన చెబుతుంటే అక్క తెంపింది. ఇన్నేళ్ళలో ఆ తోటలో మొదటి కాయ ఆవిడ తెంపడం అదే మొదలు. సొన చిమ్మి ముంజేతి మీద పడినా తుడుచుకోలేదు. కాయని అరచేతిలో పెట్టుకుని కుర్చీ ముందు కింద కూర్చుంది. చెయ్యి చాచింది.

నేను చాకు ఆయనకిచ్చాను.

బొటనవేలు గాడిలో పెట్టి తోశారు. అలుగు కదల్లేదు. మళ్ళీ తోశారు. జాడీలోని ఉప్పూ పులుపూ కీలులోకి దిగి తుప్పు పట్టేసింది. ఆ సంగతి నాకూ అక్కకీ ఒక్కసారే అర్థమైంది. అక్క మొహం చూడలేకపోయాను. ఆయన ఏమీ అనలేదు. అలుగు రెండు వేళ్ళ మధ్య పట్టి దులిపారు. పిడి జారలేదు. తొడకి రాశారు. పంచె మీద ఎర్రటి తుప్పు గీత పడింది గానీ చాకు రాలేదు. జేబు అంచుకి తగిలించి లాగారు, జేబు చిరిగింది. ఆఖరికి పళ్ళతో పట్టుకున్నారు. విరిగిన పన్ను సందులోంచి అలుగు జారిపోయింది. పెదవి చివర రక్తం కనబడింది. ఎన్ని విద్యలున్నాయో అన్నీ ఒకదాని వెనక ఒకటి మా ముందు ఓడిపోయాయి. తోటలో పిట్ట కూడా అరవలేదు. అరిచే ఉంటుంది, నాకు వినబడలేదు.

చాకు ఒళ్ళో పడేసి, తల వంచుకున్నారు. నాకు ఆ క్షణంలో ఆ చాకు కన్నా ఆయన్ని చూస్తేనే ఎక్కువ భయమేసింది.

కాసేపటికి ఆయన తలెత్తకుండానే చాకు తీసి అక్క వైపు చాచారు. "నువ్వు తియ్యి," అన్నారు.

అప్పుడు చూడాలి మా అక్కని. ఎడమ చేతిలో కాయ అలాగే ఉంది. కుడి చేత్తో చాకు అందుకుంది, బొటనవేలు గాడిలో పెట్టింది, కళ్ళు మూసుకుని ఒక్క తోపు తోసింది. టక్! తుప్పంతా రాలిపోయి అలుగు ఎండలో తళుక్కుమంది. చెట్టు మీద పిట్టలు లేచి చింతలపూడి దాకా పోయాయి. "ఓసినీ! ఎప్పుడు నేర్చావే?" అని బావగారు కేకపెట్టారు. "పంచెలు కుట్టీ కుట్టీ," అంది అక్క.

తర్వాత ఆయన కోశారు. ఆవిడ అరచేతిలో కాయ, కాయ మీద అలుగు, అలుగుకీ అరచేతికీ మధ్య మామిడికాయ మందం. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆయన అలుగు మెల్లగా దించారు. అలుగు సగంలో దేనికో తగిలి ఆగింది. ఆయన నొక్కి చూశారు.

"కట్టిందే టెంక," అన్నారు. "పండుతుంది." మొదటి ముక్క అక్కకిచ్చారు. పుల్లగా ఉండి ఆవిడ కళ్ళు మూసుకుంది. పులుపుకే అనుకుంటాను.

మాట ప్రకారం నేను చాకు కోసం చెయ్యి చాచాను. ఆయన ఇవ్వబోయారు. మధ్యలో అక్క అందుకుని, కొంగుతో తుడిచి, మడిచి, ఆయన చిరిగిన జేబులో కాకుండా రెండో జేబులో వేసింది.

"ఉండనీరా. సాయంత్రం కొబ్బరినూనె పెట్టి తుడుస్తా," అంది నాతో.

వసారాలో మళ్ళీ ఆ చప్పుడు మొదలైంది. నేను వెళ్ళినప్పుడల్లా అక్కని పక్కకి పిలిచి, "భయం పోయిందా?" అని అడిగేవాణ్ణి. "పోలేదు," అనేది. "పోదు కూడా. కానీ అడిగితే చెబుతున్నారు, ఏం ఆలోచిస్తున్నారో." అంతకుమించి చెప్పేది కాదు. ఈ ఏడు తోట పూసింది. బావగారు ఒక మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు పడుకుంటానని పడుకుని, నిద్రలోనే పోయారు. చాకు జేబులో మడిచే ఉంది. అక్క అది చూసి, ముందు ఏడవలేదు. చాకు మడిచి ఉందని నాకు చూపించింది. తర్వాత ఏడ్చింది.

ఆ చాకు ఇప్పుడు నా దగ్గరుంది. ఎర్రగడ్డం వాడి వీడియో చూసొచ్చి, నేను కూడా ఒంటి చేత్తో తియ్యబోయి బొటనవేలు కోసుకున్నాను. ఎముక దాకా తెగిందని అందరికీ చెబుతున్నాను.

ఇక, చివర్లో చెబుతానన్న మాట. కిటికీలోంచి దూకిన చిన్నాన్న, గోడలోకి పోయిన గుమాస్తా, దారమై తిరిగొచ్చిన పంచె, ఇవన్నీ పెంచినవే గాని కల్పించినవి కావు. వాటి కింద ఎంతో కొంత నిజం ఉంది. కల్పించింది, మా అక్క ఒంటి చేత్తో చాకు తియ్యడం. బావగారి దినం నాడు చుట్టాలందరి ముందూ నేనలా చెప్పాను, వాళ్ళు చప్పట్లు కొట్టినంత పని చేశారు. అక్క గుమ్మంలో నిలబడి విని, "నాకెక్కడ వచ్చురా ఆ విద్య?" అని లోపలికెళ్ళిపోయింది.

జరిగింది ఇది. ఆయన చాకు అందిస్తే, అక్క దాన్ని తియ్యాలన్న కంగారులో కాయని పక్కన మట్టిలో పెట్టేసింది. రెండు చేతులతో పట్టి, గోరు విరిగేలా లాగితే, కిర్రుమంటూ అలుగు సగం సగంగా బయటికొచ్చింది. అప్పుడు నేను, "అక్కా!" అన్నాను. ఆవిడ తల తిప్పి చూసింది. బంగినపల్లి కాయ మట్టిలో ఉంది. ముగ్గురం దాన్నే చూశాం. ఆవిడ గబుక్కున లేచి, "ఉండండి, ఇంకోటి తెంపుతా," అని కొమ్మ అందుకోబోయింది.

"అదే తే," అన్నారు బావగారు.

"నేల తాకిందండీ."

"తాకితే తాకింది. నేను తాకలా? పారేశావా?"

అక్క వంగి కాయ తీసుకుంది. కొంగుతో మట్టి తుడిచి, కుర్చీ ముందు కూర్చుని, అరచెయ్యి చాచింది. ఆ కాయే కోశారు. ఆ టెంకే కట్టింది. ఈ ముక్కని మా ఆవిడకి చదివి వినిపిస్తే, దేనితోనూ భాగించలేదు.